కుర్చీ సంగతి తర్వాత, ముందు ఆ తల తిరుగుడు చూపించండి

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఆరేళ్ల కిందట పేస్‌మేకర్ పెట్టారు. మోకాళ్లు అరిగిపోయి బ్యాటరీ వీల్‌చైర్ వాడుతున్నారు. మొన్న ఆర్కే బీచ్‌లో కానిస్టేబుల్ పక్కనే నిలబడి వాకీటాకీలో మాట్లాడుతుంటే కుర్చీ దానంతటదే ముందుకు కదిలింది. సెల్‌ఫోన్‌తోనూ ఇలా అవుతుందా? కుర్చీ అమ్మేయమంటారా? ఈమధ్య ఆయనకు తల తిరుగుతోంది, మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చి వేస్తున్నాం.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన విషయమే నన్ను టెన్షన్ పెడుతోంది. పేస్‌మేకర్ ఉన్న మనిషికి తల తిరుగుతుంటే షాపు బిళ్లతో సరిపెట్టుకుంటారా? బీపీ పడిపోతూ ఉండొచ్చు, షుగర్ తగ్గొచ్చు, పేస్‌మేకర్ లీడ్‌లో, అంటే గుండెకు వెళ్లే తీగలో, తేడా రావచ్చు. ఆరేళ్లయింది కాబట్టి దాని బ్యాటరీ కూడా చూడాలి. చివరి చెకప్ ఎప్పుడో మీరు రాయలేదు. కార్డియాలజిస్టు ప్రోగ్రామర్ అనే పరికరంతో బయటినుంచే చూసేస్తారు, సూది కూడా గుచ్చరు.

ఏ బిళ్లో కూడా రాయలేదు. తల తిరుగుడుకు షాపుల్లో ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజైన్ లాంటివి పెద్దవయసులో మత్తు తెస్తాయి. కొన్నాళ్లు వాడితే చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం కూడా రావచ్చు. ఆ వణికే చెయ్యి కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ మీద ఉంటే కుర్చీ కదలదా మరి! ఇదే కారణమని అనడం లేదు, చూడకుండా చెప్పలేను. కానీ డాక్టరును అడగకుండా మళ్లీ కొనకండి. గుండె, బీపీ మందులు మాత్రం ఆపొద్దు.

వాకీటాకీ అనుమానాన్నీ కొట్టిపారేయలేం. బలమైన రేడియో తరంగాలకు కుర్చీ కంట్రోలర్ తికమకపడి, బ్రేకు వదిలి కుర్చీ కదలొచ్చని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 1990లలోనే హెచ్చరించింది. చాలా కుర్చీల మాన్యువల్‌లో ఈ తరంగాల బలాన్ని తట్టుకునే స్థాయి మీటరుకు 20 వోల్టులని ఉంటుంది. వాకీటాకీ బాగా దగ్గరగా ఉంటే ఆ స్థాయి దాటొచ్చు, నాలుగడుగులు జరిగితే ప్రభావం బాగా తగ్గిపోతుంది. సెల్‌ఫోన్ పవర్ మామూలుగా వాకీటాకీ కంటే తక్కువ. అయినా జాయ్‌స్టిక్ పక్కన పెట్టకండి, పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి.

అమ్మక్కర్లేదు. ఆగిన ప్రతిసారీ స్విచ్ ఆపేయడం అలవాటు చేయండి, బీచ్ రోడ్డు వాలు మీద మరీను. మళ్లీ దానంతటదే కదిలితే వెంటనే ఆపి కంపెనీకి చెప్పండి. మన ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పడతాయి, అదీ చూపించండి. ఊళ్లో మెకానిక్ చేత అదనపు లైట్లు, హారన్లు బిగించి ఉంటే తీయించేయండి.

ఈ వారంలోనే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) కార్డియాలజీ ఓపీకో, పేస్‌మేకర్ పెట్టిన చోటికో తీసుకెళ్లండి. ఈలోపు స్పృహ తప్పినా, ఛాతీనొప్పి, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పేస్‌మేకర్ కార్డు, ఆ బిళ్లల స్ట్రిప్ మర్చిపోకండి.