అల్లుడూ, ఆ ఇనుప ముక్కను తోమకు

అల్లుడూ,

చెలకలో దొరికిందని నువ్వు పంపిన ఇనుప ముక్క ఫొటో పొద్దున్నుంచి నాలుగైదు సార్లు చూశాను. ముందు ఒక్క మాట, దాన్ని కడగకు. చింతపండు పెట్టి తోమమని, కిరోసిన్‌లో నానబెట్టమని ఇంట్లో ఎవరన్నా ఒప్పుకోవద్దు. నీ వయసులో నేను ఇలాంటి ముక్కనే గరుకు కాగితంతో రుద్దేశాను. పిడి వైపు తుప్పులో కర్ర పీచు గీతలు గీతలుగా అచ్చుపడి ఉండేది, అదంతా పొడై రాలిపోయింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు విరిగిన చోటు చూడు. రెండు అంచులూ సన్నబడి నడుమ లావుగా, బాదంపప్పు ఆకారంలో ఉంటే బాకో, ఈటె మొనో అయ్యుండొచ్చు. ఒక వైపు మందంగా ఉండి రెండో వైపే పదునుంటే కొడవలో, చాకో అనుకో. అడుగున గొట్టం ఉంటే పక్కన అంచులు కలిసిన గీత వెతుకు, రేకును చుట్టి కొట్టిన గుర్తు అది. అయితే మన ఊరి కమ్మరులూ మొన్నమొన్నటిదాకా అలాగే చేసేవాళ్లు, కాబట్టి ఆ గీత ఒక్కటే చూసి పాతదనలేం. తుప్పు మందం కూడా వయసు చెప్పదు, తడి నేలలో తాతల నాటి కొడవలి కూడా అలాగే ఉబ్బిపోతుంది. పూర్తిగా తుప్పయిపోయిన ఇనుము అయస్కాంతానికి సరిగ్గా అంటకపోవచ్చు, దానికి కంగారు పడకు.

ఆకుపచ్చ చిలుము ఉంటే మాత్రం రాగో, కంచో, అది వేరే కథ. రాయచూరు జిల్లా కల్లూరులో దొరికిన రాగి కత్తులకు పిడి చివర మిడత మీసాల్లా రెండు కొమ్ములుంటాయి.

అసలు సంగతి ముక్క కన్నా దొరికిన చోటులో ఉంది. అక్కడ బండరాళ్లు గుండ్రంగా పేర్చి ఉన్నాయా? లోపల నల్లగా, బయట ఎర్రగా ఉండే కుండ పెంకులున్నాయా? ఉంటే అది మనవాళ్లు రాకాసి గుళ్లు అనే ఇనుపయుగపు సమాధి కావచ్చు, వాటిలో ఇనుప ఆయుధాలు పెట్టేవాళ్లు. నువ్వు మాత్రం ఇంకేమీ తవ్వకు. 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. టెన్షన్ పడకు, అర్జీ నేను రాసిస్తాను.

ముక్కను పొడి డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలతో ఉంచు. నారింజ రంగు చెమట బొట్లు కనిపిస్తే వెంటనే ఫోన్ చెయ్యి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి విరిగిన వైపు ఇంకో ఫొటో తీసి పంపు. ఆదివారం వస్తాను, అప్పటిదాకా ఆ చెలకలో జేసీబీ తిరగనివ్వొద్దని నాన్నకు చెప్పు.

మీ మామయ్య