మినిస్టరును బోర్డు తొలగించవచ్చా? – సమాధానం

మీ యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ సంఘంలో (ఏ ఒక్క మతసిద్ధాంతానికీ కట్టుబడని ఉదార మతసంఘం) బోర్డు, అంటే పాలకవర్గం, మినిస్టరును, అంటే సంఘ మతగురువును, తొలగించవచ్చా అని అడిగారు. సభ్యుల ఓటు లేకుండానే మీ బోర్డు ఆ పని చేసిందంటే, సంఘం ఓటుతో పిలిచిన మినిస్టరుకూ, బోర్డు ఒప్పందంపై కొంతకాలానికి నియమించుకున్న మినిస్టరుకూ ఉన్న తేడాను పట్టించుకోకపోవడమే బహుశా కారణం.

1. నియామక పత్రం చూడండి. పిలిచిన మినిస్టరైతే తొలగింపు కూడా సాధారణంగా సభ్యుల ఓటుతోనే జరగాలి. ఒప్పందపు మినిస్టరైతే అది చాలాచోట్ల బోర్డు చేతిలోనే ఉంటుంది.

2. ఈ విషయంపై సభ్యులే ఓటు వేయాలంటే ప్రత్యేక సభ కోరాలి. దానికి ఎన్ని సంతకాలు కావాలో, కోరం (సభ చెల్లడానికి హాజరు కావాల్సిన కనీస సభ్యుల సంఖ్య) ఎంతో, నోటీసు గడువెంతో మీ బైలాలలో (సంఘ నియమావళిలో) చూడండి.

3. చాలామంది మరిచిపోయేది ఇదే: సభ కోరే అర్జీలో "పరిస్థితిని చర్చించాలి" అని మాత్రమే రాస్తే, సభ నిండా జనం వచ్చినా, నోటీసులో లేని విషయంపై ఓటు చెల్లదని అభ్యంతరం రావచ్చు. కాబట్టి ఓటుకు పెట్టదలచిన తీర్మానాన్ని పూర్తి వాక్యంగా అర్జీలోనే రాసి, నోటీసులో అదే పాఠం వచ్చేలా చూసుకోండి.

4. ఈ సంఘాల సమాఖ్య అయిన, బోస్టన్‌లోని యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ అసోసియేషన్ ప్రాంతీయ సిబ్బందిని సలహా అడగండి, కానీ తీర్పు ఆశించవద్దు. 1648 నాటి కేంబ్రిడ్జ్ ప్లాట్‌ఫారం (అమెరికాలోని న్యూ ఇంగ్లాండ్ చర్చిల పాలనా పత్రం) నుంచి వస్తున్న సంప్రదాయంలో ప్రతి సంఘమూ తన నిర్ణయం తానే తీసుకుంటుంది.

బోర్డు అభ్యంతరం కేవలం ప్రసంగాలపైనే అయితే, వేదికపై మినిస్టరుకున్న స్వేచ్ఛను నియామక పత్రమే కాపాడుతోందేమో కూడా చూడండి.