దాడులు జరుగుతున్నా యూదులు తమ ప్రార్థనామందిరాల్లోకి, అంటే సినగాగ్‌లలోకి, ముక్కూమొహం తెలియనివాళ్లను ఎందుకు రానిస్తారు? అది అమాయకత్వం కాదా?

అమాయకత్వం అనేవాళ్లు ఒక్కసారి వాళ్ల పస్కా పండగ భోజనానికి వెళ్లి చూడాలి.

నేను వెళ్లాను. డాలస్‌లో మా టీమ్‌లో ఒకాయన, నేను కొత్తగా చేరానని ఇంటికి పిలిచాడు. పులియని రొట్టె పైకెత్తి, ‘ఆకలిగా ఉన్నవాళ్లంతా వచ్చి తినండి’ అని అరామిక్ అనే ప్రాచీన భాషలో చదివారు. నాకప్పటికే కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, భోజనం వచ్చేసరికి మాత్రం తొమ్మిదిన్నర! తిన్నాక ఏలీయా ప్రవక్త కోసం వీధి తలుపు తీయమని చిన్నవాణ్ని పంపారు. వాడు బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడి చీకట్లోకి చూస్తున్నాడు. బామ్మగారు, ‘ఇక వెయ్యి నాన్నా, వచ్చేవాడైతే ఈపాటికి వచ్చేసుంటాడు, దోమలొస్తున్నాయి’ అన్నారు.

ఆ ఇంటికి కోలీవిల్ అనే ఊరు అరగంట. 2022 జనవరి 15, శనివారం పొద్దున, చలిలో ఎవరో అక్కడి సినగాగ్ తలుపు తడితే రబ్బీ (యూదుల మతగురువు) చార్లీ సైట్రన్-వాకర్ లోపలికి పిలిచి టీ పెట్టిచ్చాడు. తర్వాత యెరూషలేము వైపు తిరిగి ప్రార్థన చేస్తుంటే వెనక క్లిక్ మని చప్పుడు. ఆ వచ్చినవాడి చేతిలో తుపాకీ. రబ్బీతో కలిపి నలుగురు బందీలు. సాయంత్రం ఒకరిని వదిలాడు. రాత్రి తొమ్మిది దాటాక రబ్బీ వాడి మీదికి కుర్చీ విసిరి, మిగతా ఇద్దరితో బయటపడ్డాడు.

అందరూ ఆ టీ గురించే మాట్లాడతారు. నేనైతే కుర్చీ గురించి మాట్లాడతాను. అంతకుముందు తీసుకున్న భద్రతా శిక్షణే కాపాడిందని ఆయనే చెప్పాడు. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని చంపాక ఎన్నో సినగాగ్‌ల ముందు గార్డులు వచ్చారు. గార్డునీ పెట్టుకున్నారు, తలుపూ తీస్తున్నారు. ఇందులో అమాయకత్వం ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

మన సంగతి చెప్పాలా? హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ లాబీలో ‘అతిథి దేవోభవ’ అని ఇత్తడి బోర్డు. మా నాన్నని మాత్రం ఓటీపీ రాలేదని గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఎండలో నిలబెట్టారు. ఆ యాప్ గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది, వదిలేద్దాం.

పరదేశిని బాధించొద్దు, మీరూ ఐగుప్తులో (ఈజిప్టులో) పరదేశులే కదా అని వాళ్ల ధర్మగ్రంథం తోరా చెబుతుంది. అలాంటి హెచ్చరికలు 36 చోట్ల ఉన్నాయని, వాళ్ల పండితుల చర్చల గ్రంథం తల్మూద్‌లో ఒక లెక్క. హెచ్1బీ మీద బతికేవాడికి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

వచ్చేటప్పుడు బామ్మగారు ఒక పెట్టెడు రొట్టెలు చేతిలో పెట్టారు. మా ఆవిడ వాటిని నలిపి, పోపేసి ఉప్మా చేసింది. కాస్త ఉప్పు తగ్గింది.