పచ్చ చుక్క ఆరిపోతే ఏమవుతుంది?

ప్రశ్న: ఇంటి నుంచే కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నాను. మౌస్ ఐదు నిమిషాలు కదలకపోతే చాట్‌లో నా పేరు పక్కనున్న పచ్చ చుక్క పసుపు రంగుకు మారిపోతుంది. ఆ భయంతో బాత్రూమ్‌కి కూడా ఫోన్ తీసుకెళ్తున్నాను. రాత్రి పదకొండింటికి మేనేజర్ మెసేజ్ వచ్చినా వెంటనే జవాబిస్తాను. నిద్ర సరిగ్గా పట్టడం లేదు, కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది. కస్టమర్ పేరు తెర మీద కనిపిస్తే చాలు, విసుగు. మా పనిలో కొంత ఏఐ చాట్‌బాట్‌కి ఇస్తారని అంటున్నారు. అందుకే నోరు తెరవలేకపోతున్నాను. నాకే చేతకావడం లేదా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. చేతకాకపోవడం కాదు. పని ఒత్తిడితో పూర్తిగా డీలా పడిపోవడాన్ని బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దానికి మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విముఖత, చేసే పని సరిగ్గా చేయలేకపోతున్నామనిపించడం. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి. ఆ సంస్థ బర్నౌట్‌ను జబ్బుగా లెక్కించలేదు. ఎడతెగని పని ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోతే వచ్చే స్థితి అంది. కాబట్టి ముందు చూడాల్సింది మీ పని ఎలా నడుస్తోందన్నది.

నేను టీమ్ లీడ్‌గా ఉన్నప్పుడు గుర్తొచ్చినవి మర్చిపోకుండా రాత్రిళ్లు మెసేజ్‌లు పెట్టేదాన్ని. ‘రేపు చూడొచ్చు’ అని చివర్లో రాసేదాన్ని కూడా. ఒకసారి మా టీమ్‌లో అమ్మాయి ఒంటిగంటకు జవాబిచ్చింది. ఎందుకమ్మా అంటే, ‘మీరు పంపారు కదా మేడమ్’ అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఆ తర్వాత రాత్రి రాసినవి పొద్దున తొమ్మిదికి వెళ్లేలా షెడ్యూల్ చేయడం అలవాటు చేసుకున్నాను. మీ మేనేజర్ కూడా అలాంటివారేనని నేను చెప్పలేను. కానీ అడిగి చూడకుండా రాత్రిళ్లు మేలుకోవద్దు.

అడిగేముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: మొదటి మెసేజ్ ఎన్నింటికి చూశారు, చివరిది ఎన్నింటికి, మధ్యలో ఎంతసేపు లేచారు. వారం మొత్తం కూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారానికి 35–40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. ‘అలసిపోతున్నాను’ అంటే ‘అందరికీ ఉండేదే’ అంటారు. గంటల లెక్క చూపిస్తే అలా కొట్టిపారేయడం కష్టం. ‘రాత్రి వేటికి తప్పనిసరిగా జవాబివ్వాలి? అర్జెంట్ అయితే కాల్ చేస్తారా?’ అని అడగండి. ఒప్పుకున్నది అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి. పని వేళలు దాటాక ఫోన్ పక్కన పెట్టడాన్ని ఫ్రాన్స్‌లో 2017 నుంచి చట్టమే గుర్తించింది. మీరు అడిగేది గొంతెమ్మ కోరిక కాదు.

ఇక చాట్‌బాట్. మీ ఉద్యోగానికి ఢోకా లేదని నేను మాటివ్వలేను. కానీ పాస్‌వర్డ్ మార్చడం, ఆర్డర్ ఎక్కడుందో చెప్పడం లాంటివి బాట్‌కి వెళ్లిపోతే మీ దగ్గరికొచ్చేవన్నీ చిక్కుముడులే, కోపంతో ఉన్న మనుషులే. ఒక్కో కేసుకు ఎక్కువ సమయం పడుతుంది. పాత టార్గెట్లు అలాగే ఉంచితే మీ మీద భారం పెరుగుతుంది. దీని గురించి ఇప్పుడే మాట్లాడాలి, అదీ మీరొక్కరే కాదు, టీమంతా కలిసి. బాట్ తికమకపడి మీకు అప్పగించిన కేసులేవి, మీరెలా తేల్చారో కూడా అదే నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ అవసరం ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది.

చేతి తిమ్మిరికి మాత్రం రెండు వారాలు ఆగొద్దు. బొటనవేలు, దాని పక్కవేళ్లు మొద్దుబారుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతూ ఉండొచ్చు. ఈ వారమే డాక్టర్‌కి చూపించండి, నిద్ర సంగతి కూడా చెప్పండి. ఇవాళ రాత్రి నుంచి ఫోన్ పక్క గదిలో చార్జింగ్‌కి పెట్టండి. మేనేజర్ ఏమన్నారో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.