అది మొప్పల జబ్బు కాదు, అమోనియా

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలం. ఆరెకరాల్లో వనామీ రొయ్యలు సాగు చేస్తున్నాం. పిల్లలు అడిగారని మూడు వారాల క్రితం 2 అడుగుల అక్వేరియం కొన్నాం. షాపు వాళ్లు అదే రోజు 6 గోల్డ్ ఫిష్‌లు కూడా ఇచ్చారు. వారం తిరక్కుండానే 2 చనిపోయాయి. మిగతావి రోజంతా పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మొప్పలు బాగా ఎర్రబడ్డాయి. ఆక్సిజన్ చాలడం లేదేమోనని ఇంకో ఎయిర్ పంపు పెట్టాం. షాపులో మొప్పల జబ్బు అని చెప్పి నీలం మందు, యాంటీబయోటిక్ క్యాప్సూల్స్ ఇచ్చారు. మూడు రోజులకోసారి నీళ్లన్నీ తీసేసి, ఫిల్టర్ స్పాంజి, రాళ్లు కుళాయి కింద శుభ్రంగా కడుగుతున్నాం. నీళ్లు మార్చిన రోజు చేపలు కాస్త తేరుకుంటాయి, తర్వాత మళ్లీ మామూలే. చెరువు నీళ్లతో పాటు ల్యాబ్‌లో ట్యాంకు నీళ్లూ చూపిస్తే పీహెచ్ 8.2 వచ్చింది. ఏ మందు, ఎంత మోతాదులో వాడాలి?

జవాబు: ఏ మందూ వద్దు. ఉన్న మందులు కూడా ఈ రోజే ఆపేయండి. మీ చేపలకు జబ్బు లేదు, వాటి విసర్జనలోంచి వచ్చే అమోనియాకే అవి ఉక్కిరిబిక్కిరవుతున్నాయి. ఆ సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. నీళ్లు మార్చిన రోజు తేరుకుంటున్నాయని రాశారు. మొప్పల్లో పురుగో బ్యాక్టీరియానో ఉంటే నీళ్లు మార్చినంత మాత్రాన ఆ పూటకే తేరుకోవు.

ఆక్సిజన్ లోపం కూడా కాదు. మీ చెరువులో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున తల తేలేసిన రొయ్య ఎండ ఎక్కేసరికి సర్దుకుంటుంది. ఇక్కడ చేపలు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒకేలా పైన తేలుతున్నాయి. 2 అడుగుల ట్యాంకులో రెండు పంపులు నడుస్తుంటే ఆక్సిజన్‌కు కొదవేముంటుంది? మొప్పలు కాలిపోయి, ఉన్న ఆక్సిజన్‌నే తీసుకోలేకపోతున్నాయి.

చెరువు నీళ్లకు అమోనియా, నైట్రైట్ చూపించుకునే మీరు, ట్యాంకు నీళ్లకు ఒక్క పీహెచ్ చూసి ఊరుకున్నారు! ఆ పీహెచ్ అంకె కూడా చిన్నదేమీ కాదు. 28 డిగ్రీల వేడిలో పీహెచ్ 7.2 ఉంటే మొత్తం అమోనియాలో విష రూపంలో ఉండేది నూటికి ఒక వంతు. అదే 8.2 అయితే దాదాపు పదో వంతు. అంటే ల్యాబ్‌లో మొత్తం అమోనియా 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు అని వస్తే అందులో 0.2 పీపీఎం విషమే. చేపకు అది 0.05 దాటితేనే ప్రమాదం.

అంత అమోనియా ఎక్కడిదంటారా? మీ 2 అడుగుల ట్యాంకులో రాళ్లు పోను నీళ్లు సుమారు 55 లీటర్లు ఉంటాయి. 1 గ్రాము మేతకు సుమారు 30 మిల్లీగ్రాముల అమోనియా విడుదలవుతుంది, 55 లీటర్లలో అది అర పీపీఎం పైమాటే. పిల్లలు మూడు పూటలా చిటికెడు చిటికెడు వేస్తే రోజుకు 2 గ్రాములు తేలిగ్గా దాటుతుంది. మూడు రోజులకు లెక్క మీరే వేసుకోండి.

చెరువులో ఈ అమోనియాను చాలావరకు నీటి ఆకుపచ్చదనం, అంటే ప్లాంక్టన్ తినేస్తుంది, మిగిలింది అడుగు మట్టిలోని బ్యాక్టీరియా చూసుకుంటుంది. గాజు పెట్టెలో ప్లాంక్టనూ లేదు, మట్టీ లేదు. ఆ పని ఫిల్టర్ స్పాంజి మీద, రాళ్ల మీద పెరిగే బ్యాక్టీరియా చెయ్యాలి. ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు రకాలూ చాలా నెమ్మదిగా పెరుగుతాయి, కొత్త ట్యాంకులో చాలినంత తయారవ్వడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. దీన్నే ట్యాంకు సైక్లింగ్ అంటారు. అసలైతే ఇదంతా చేపలు రాకముందే జరగాలి. మీరేమో మూడు రోజులకోసారి క్లోరిన్ నీళ్లతో స్పాంజి, రాళ్లు కడుగుతున్నారు, పైగా యాంటీబయోటిక్ పోస్తున్నారు. కాబట్టి కొని మూడు వారాలైనా మీ ట్యాంకు ఇంకా మొదటి రోజులోనే ఉంది.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. ఈ సాయంత్రం సగం నీళ్లు మార్చండి, రేపు పొద్దున ఇంకో సగం. ఆ తర్వాత రోజూ 30 శాతం, అంటే 16 లీటర్లు. ఇకమీదట మొత్తం నీళ్లు ఎప్పుడూ తియ్యొద్దు. పంచాయతీ కుళాయి నీళ్లను నేరుగా పొయ్యకండి. 10 గ్రాముల హైపో అంటే సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు లీటరు మంచినీళ్లలో కరిగించి, చీకటి సీసాలో పెట్టుకోండి. 20 లీటర్ల బకెట్‌కు ఈ ద్రావణం 15 మిల్లీలీటర్లు కలిపి, రెండు నిమిషాలు తిప్పి పొయ్యండి. క్లోరిన్ 1 పీపీఎం ఉన్నా ఇది సరిపోతుంది. హైపో దొరక్కపోతే బకెట్‌లో ఎయిర్ స్టోన్ వేసి 24 గంటలు వదిలెయ్యండి. ఆర్ఓ క్యాన్ నీళ్లు వద్దు. వాటిలో ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా చూసే కార్బొనేట్ లవణాలు, ఉండదు, అది లేకుండా ఈ బ్యాక్టీరియా పని చెయ్యదు.

మేత రెండు రోజులు పూర్తిగా ఆపండి. చేపకేమీ కాదు. తర్వాత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత. ట్యాంకు కుదురుకునే దాకా మేత డబ్బా పిల్లలకు అందకుండా పెట్టండి.

కల్లుప్పు 10 లీటర్లకు 1 గ్రాము చొప్పున మొత్తం 5.5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను, బకెట్‌లో కరిగించి పొయ్యండి. నీళ్లు తీసినప్పుడు తీసినంతకే మళ్లీ కలపాలి, రోజూ టీస్పూను వెయ్యకూడదు. ఈ ఉప్పు అమోనియాకు కాదు, తర్వాత రాబోయే నైట్రైట్‌కు. మీ చెరువు నీళ్లలో ఉప్పు ఉంటుంది కాబట్టి రొయ్య కొంత నైట్రైట్‌ను తట్టుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. మంచినీళ్ల ట్యాంకులో ఆ రక్షణ లేదు. చెరువులో మీరు పట్టించుకోని అంకె ఇక్కడ చేప రక్తాన్ని గోధుమ రంగుకు తిప్పేస్తుంది. అప్పుడు మొప్పలు ఎర్రగా కాక చాక్లెట్ రంగులో కనిపిస్తాయి.

ఫిల్టర్ 24 గంటలూ నడవాలి. రాత్రి చప్పుడవుతోందని ఆపొద్దు. నీటి ధార తగ్గితేనే స్పాంజి తియ్యండి, అది కూడా ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టెయ్యండి. మురికిగా కనిపిస్తే కనిపించనివ్వండి. నీలం మందు రంగు పోవాలంటే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి రెండు రోజులు ఉంచి తీసేస్తే చాలు.

పని తొందరగా తెమలాలంటే దారి ఒకటుంది. మీకు తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా జబ్బూ చావూ లేకుండా నడుస్తున్న ట్యాంకు ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో సగం ముక్క అడగండి. తడి ఆరకుండా వాళ్ల ట్యాంకు నీళ్లలోనే తెచ్చి, వెంటనే మీ ఫిల్టర్‌లో పెట్టండి. నెల పట్టేది రెండు వారాల్లోపే అవుతుంది. షాపు ట్యాంకులోంచి మాత్రం తేవొద్దు. రోజుకో లోడు చేపలు దిగే చోట ఏ జబ్బు ఉందో ఎవరికి తెలుసు? మనీ ప్లాంట్ తీగ ముక్కలు నాలుగు తీసుకుని, వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేలా పెట్టండి. అవీ కొంత అమోనియా పీల్చుకుంటాయి.

మీ షెడ్డులో ఉన్న చెరువు ప్రోబయోటిక్ ఇందులో వెయ్యాలనిపిస్తుంది, వద్దు. అందులో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ అనే బ్యాక్టీరియా, అది బురద కుళ్లును తింటుంది కానీ ఈ సైక్లింగ్ పని చెయ్యదు. అమోనియా పట్టుకోవడానికి చెరువులో చల్లే ఖనిజం, జియోలైట్ సంగతి వేరు. ఉప్పునీటి చెరువులో జియోలైట్ చల్లడమంటే దాదాపు డబ్బు చల్లడమే, సోడియం దాని పని సాగనివ్వదు. మంచినీళ్ల ట్యాంకులో అది నిజంగానే అమోనియా పట్టుకుంటుంది. కానీ మనం ఉప్పు వేశాం కాబట్టి, పట్టుకున్నదాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. ఈ ట్యాంకుకు అది అక్కర్లేదు.

ఇక ఆ క్యాప్సూల్స్. పరీక్ష లేదు, జబ్బు పేరు లేదు, మోతాదు లేదు, షాపతను చేతికిచ్చాడు, మీరు నీళ్లలో పోశారు. ఒకే రోజు ట్యాంకూ చేపలూ కలిపి అమ్మినవాడు, చేపలు చచ్చాక మందు కూడా అమ్మాడు. అతని బేరం అతనిది. కానీ మీరు రొయ్య రైతు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత యాంటీబయోటిక్‌ల ఆనవాళ్లు దొరికి ఎగుమతి సరుకు వెనక్కొస్తే ఏమవుతుందో ధర పడిపోయిన రోజున మీకు తెలిసే ఉంటుంది. పేరు కూడా లేని క్యాప్సూల్ ఇంట్లోకి ఎందుకు రానిచ్చారు? ఆ ట్యాంకు నీళ్లు, ఆ బకెట్, ఆ చేతివల మీ చెరువు గట్టు వైపు తీసుకెళ్లకండి. తీసిన నీళ్లు కాలువలోనూ పొయ్యొద్దు, ఇంటి వెనక మట్టిలో గుంట తీసి పొయ్యండి. మిగిలిన క్యాప్సూల్స్ చెరువు మేతలో కలపాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

మిగిలిన నాలుగు గోల్డ్ ఫిష్‌లు కూడా 55 లీటర్లకు ఎక్కువే. రెండింటిని పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇచ్చెయ్యండి. కాలువలో వదలొద్దు.

అమోనియా, నైట్రైట్ రెండూ రోజు విడిచి రోజు చూపించండి. చెరువు శాంపిల్‌తో పాటు ఇంకో సీసా, అంతే కదా. మొత్తం అమోనియా 0.25 పీపీఎం గానీ, నైట్రైట్ 0.5 పీపీఎం గానీ దాటిన రోజు 30 శాతం బదులు సగం నీళ్లు మార్చండి. మొదట అమోనియా దిగుతుంది, దాని వెనకే నైట్రైట్ పెరుగుతుంది. అప్పుడు టెన్షన్ పడి మళ్లీ స్పాంజి కడగొద్దు, పని సరిగ్గా సాగుతోందని దాని అర్థం. రెండూ సున్నాకు వచ్చి వరసగా వారం అలాగే ఉంటే, నైట్రేట్ కూడా కనిపిస్తుంటే, ట్యాంకు కుదురుకున్నట్టే. ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు, ఉప్పు ఇక కలపొద్దు.

పది రోజుల్లో తేరుకోకపోతే, లేదా ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు కనిపిస్తే, మళ్లీ రాయండి. రాసేటప్పుడు తేదీల వారీగా అమోనియా, నైట్రైట్, పీహెచ్ అంకెలు పంపండి. చేప ఫొటో ఒక్కటే పంపితే నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు.