కారు ఫ్యాన్ మార్చిన పిల్లాడిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: సార్, మాది సరూర్‌నగర్. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పోయిన నెల మా పాత పెట్రోల్ కారు ట్రాఫిక్‌లో వేడెక్కుతుంటే, రేడియేటర్‌తో సహా మొత్తం మార్చాలని మెకానిక్ చెప్పాడు. మావాడు ఒప్పుకోలేదు. రాణీగంజ్ వెళ్ళి ఫ్యాన్ కొనుక్కొచ్చి, ఆదివారం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కూర్చుని తనే మార్చేశాడు. కారు బాగానే నడుస్తోంది. కానీ ఎంసెట్ ముందు పెట్టుకుని ఇదేం పిచ్చి అని వాళ్ళ నాన్నగారికి కోపం. కంప్యూటర్ సైన్స్ వద్దంటున్నాడు, బండ్ల లైన్‌లోకే వెళ్తానంటున్నాడు. చివరికి మెకానిక్ అయిపోతాడేమోనని భయంగా ఉంది. ఫోన్ నంబర్ ఇస్తున్నాను, వీలైతే మీరే ఒకసారి వాడితో మాట్లాడండి.

జవాబు: అమ్మా, మాట్లాడాను. పది నిమిషాలనుకున్నది ముప్పావు గంట అయింది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఆరేళ్ళు ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో పనిచేశాను కాబట్టి అతను చెప్పేది నాకు బొమ్మ కట్టినట్టు కనిపించింది. ముందు ఆ సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో అందరూ ఫ్యాన్ మార్చాడు, ఫ్యాన్ మార్చాడు అంటున్నారు గానీ, మార్చే ముందు ఏం చేశాడో ఎవరూ అడిగినట్టు లేరు.

చాదర్‌ఘాట్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా టెంపరేచర్ ముల్లు పైకి పోతోందట, ఔటర్ ఎక్కి ఎనభైలో వెళ్తుంటే మళ్ళీ మామూలుకు దిగుతోందట. దాన్నిబట్టి, కూలెంట్ (ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్ళే ద్రవం) తిరగడంలో లోపం గానీ రేడియేటర్ లోపల పూడిక గానీ ఉంటే స్పీడులో ఇంకా ఎక్కువ వేడెక్కాలి కదా, ఇక్కడ తగ్గుతోందంటే నీళ్ళు సరిగ్గానే తిరుగుతున్నాయి, ఆగినప్పుడు గాలి మాత్రం అందట్లేదు అనుకున్నాడు. సరైన ఆలోచన. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగిపోయాక ఆ పని ఫ్యాన్ చేయాలి. తర్వాత ఏసీ ఆన్ చేసి చూశాడు, చాలా కార్లలో ఏసీ వేయగానే ఆ ఫ్యాన్ తిరగాలి, తిరగలేదు. ఫ్యూజ్ తీసి చూశాడు, బాగుంది. ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చు) తీసేసి, అదే నంబరున్న హారన్ రిలేను అక్కడ పెట్టాడు, అయినా తిరగలేదు. మోటారు కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 13 చిల్లర వోల్టులు చూపించింది. కరెంటు వస్తోంది, మోటారు తిరగట్లేదు, కాబట్టి మోటారు పోయింది.

ఇక్కడ ఒక చిన్న తప్పు చేశాడు, అది అతనికీ చెప్పాను. ఎర్త్ వైర్ తుప్పుపట్టినా మీటర్ అంత వోల్టేజీ చూపించే అవకాశం ఉంది, లోడ్ పడ్డప్పుడే, అంటే మోటారు కరెంటు లాగినప్పుడే, దాని అసలు రంగు బయటపడుతుంది. అతని కారులో ఉన్నట్టు మామూలు రెండు వైర్ల మోటారైతే, బ్యాటరీ నుంచి నేరుగా, మధ్యలో ఒక ఫ్యూజ్ పెట్టి, కరెంటు ఇచ్చి చూసి అప్పుడు తేల్చాలి. ఈసారి అదృష్టం బాగుండి మోటారే పోయింది. ఆ మాట చెప్పగానే అటువైపు కాసేపు చప్పుడు లేదు, తర్వాత "అవును సార్, అది తోచలేదు" అన్నాడు. సమర్థించుకోలేదు. ఇన్నేళ్ళుగా పిల్లలతో మాట్లాడుతున్నాను, తప్పు చూపించినప్పుడు అలా ఒప్పుకునేవాళ్ళు తక్కువ. నాకు ఎక్కువ నచ్చింది అదే.

విప్పిన తీరు కూడా బాగుంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రాన్ని ష్రౌడ్ అంటారు, దాని బోల్టులు పది నంబర్ పానాతో విప్పి, పైకి లాగే ముందు రేడియేటర్‌కీ ఫ్యాన్‌కీ మధ్య ఒక అట్టముక్క దూర్చాడట. రేడియేటర్ రెక్కలు అల్యూమినియంవి, కాగితమంత పల్చగా ఉంటాయి, బొటనవేలితో కాస్త నొక్కినా వంగిపోతాయి, ష్రౌడ్ అంచు గీసుకుందంటే ఆ మేర గాలి పోదు. ఆ అట్టముక్క పెట్టమని ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదట, చూస్తే భయమేసిందట.

కానీ రెండు విషయాల్లో గట్టిగా మందలించాను, మీరూ మందలించండి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీయకుండానే చేతులు పెట్టాడు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి తాళం చెవి తీసేసినా, లోపల వేడిగా ఉంటే ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, వేళ్ళు పోతాయి. రెండోది, కారు ఆపి అరగంట కూడా కాకముందే రేడియేటర్ పైన ఉండే కూలెంట్ పైపు ఊడదీశాడు. వేడి మీద లోపల కూలెంట్ ప్రెషర్‌లో ఉంటుంది, ఒక్కసారి చిమ్మిందంటే మొహం, చేతులు కాలిపోతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, అంటే కొన్ని గంటలు. సర్వీస్ సెంటర్‌లో నా పక్కన పనిచేసిన అబ్బాయి తొందరపడి రేడియేటర్ మూత తిప్పి ముంజేయి కాల్చుకున్నాడు, ఆ మచ్చ ఈరోజుకీ ఉంది. మీవాడికి జరగలేదు కాబట్టి తేలిగ్గా తీసుకోకండి.

ఇప్పుడు చదువు సంగతి. మీరు మెకానిక్ అనే మాటను ఒక శిక్షలా రాశారు. నేను దాన్ని అలా చూడను, అయితే మీ భయం అర్థం లేనిదనీ అనను. వర్క్‌షాప్‌లో మొదటి ఏడాది రెండేళ్ళు జీతం తక్కువ, పొద్దున్నుంచి ఆయిల్ మార్చడం, చక్రాలు విప్పడమే ఉంటుంది, నడుము నొప్పి ఉంటుంది. పార్టులు మార్చేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. ఏ పార్టు పోయిందో కనిపెట్టేవాళ్ళు దొరకరు. మీ కారుకు రేడియేటర్ కూడా మార్చాలన్న మెకానిక్ సంగతే చూడండి. మీవాడు రెండో రకం. ఆ తెలివి ఏ కోర్సు చదివినా పనికొస్తుంది, కాబట్టి ఏ కోర్సు అన్నది అతనికి ఆ పనిలో ఏ భాగం నచ్చిందన్నదాన్ని బట్టి తేల్చాలి.

అందుకే అడిగాను, ఆ ఆదివారం మొత్తంలో నీకు బాగా నచ్చిన క్షణం ఏదని. కొత్త ఫ్యాన్ తిరిగినప్పుడు అంటాడేమో అనుకున్నాను. రిలే మార్చి చూసినప్పుడు, మీటర్ పెట్టినప్పుడు అన్నాడు. ఆ తర్వాత ఆగకుండా, ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో కారుకు ఎలా తెలుస్తుంది, ఎన్ని డిగ్రీల దగ్గర ఆన్ అవుతుంది, రెండు స్పీడులు ఎలా వస్తాయి అని నన్నే ప్రశ్నలు వేశాడు. కూలెంట్ సెన్సర్ వేడిని చెప్తుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) అది చూసి రిలేను కలుపుతుంది, చాలా కార్లలో 95 డిగ్రీలకు అటూ ఇటూగా, కొన్ని కార్లలో తక్కువ స్పీడు కోసం మధ్యలో కరెంటును తగ్గించే ఒక రెసిస్టర్ ఉంటుంది అని చెప్తుంటే రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. నా అంచనా ఏంటంటే, ఇతనికి ఎలక్ట్రికల్ వైపు మొగ్గు ఉంది. మెకానికల్‌లో చేర్చినా నష్టం లేదు, కానీ నేనైతే ఈఈఈని (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) ముందు పెడతాను, తర్వాత మెకానికల్, ఆటోమొబైల్. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) చదివి కార్ల ఎలక్ట్రానిక్స్‌లోకి వెళ్ళినా సరే. కంప్యూటర్ సైన్స్‌లో బలవంతంగా కూర్చోబెట్టకండి. కోడింగ్ మాత్రం నేర్చుకోమనండి, ఈసీయూ లోపల నడిచేది ప్రోగ్రామే కదా, ఆ మాట చెప్తే తనే నేర్చుకుంటాడు.

ఈ లైన్‌లో ఉద్యోగాలు ఊరవతల షెడ్లలోనే ఉంటాయని వాళ్ళ నాన్నగారు అన్నారట. హ్యుందాయ్ వాళ్ళ ఇంజినీరింగ్ సెంటర్ మన హైదరాబాద్‌లోనే ఉంది, కార్ల విడిభాగాలు చేసే జెడ్‌ఎఫ్ వాళ్ళ టెక్నాలజీ సెంటర్ నానక్‌రామ్‌గూడలో ఉంది, మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ జహీరాబాద్‌లో ఉంది. మీవాడు మార్చిన ఆ ఒక్క ఫ్యాన్ వెనకే ఎంతమంది ఇంజినీర్లుంటారో చూడండి: మోటారు డిజైన్ చేసేవాళ్ళు వేరు, రెక్కల వంపు ఎంతుండాలి, ఎంత గాలి లాగాలి అని కంప్యూటర్‌లో లెక్కలు కట్టేవాళ్ళు వేరు, చప్పుడు తగ్గించేవాళ్ళు వేరు, ఎప్పుడు తిరగాలో ప్రోగ్రామ్ రాసేవాళ్ళు వేరు. ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఇవన్నీ పోతాయి అంటారు కొందరు. పోవు. బ్యాటరీకీ మోటారుకీ కూడా వేడి పడదు, చాలా ఎలక్ట్రిక్ కార్లలో వాటిని చల్లబరచడానికి రేడియేటరూ ఫ్యానూ ఉంటాయి. అయితే ఒక హెచ్చరిక, ఎలక్ట్రిక్ కారు బోనెట్ కింద నారింజ రంగు కేబుళ్ళు కనిపిస్తే, అందులో వందల వోల్టులుంటాయి, శిక్షణ లేకుండా ముట్టుకోకూడదు. పెట్రోల్ కారు మీద వచ్చిన ధైర్యం అక్కడ ప్రాణం తీస్తుంది. మీవాడితో ఈ మాట రెండుసార్లు చెప్పాను.

ఎంసెట్‌ను (పేరు టీజీ ఈఏపీసెట్ అయింది గానీ మనం ఇంకా అలాగే పిలుస్తున్నాం) గట్టిగా రాయించండి. ర్యాంకు అనుకున్నట్టు రాకపోతే ఇంట్లో గొడవ పెట్టుకోకండి, వేరే దారులున్నాయి. మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐ లాంటి చోట్ల రెండేళ్ళ మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంటుంది, ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ ట్రేడూ వచ్చింది. మన రాష్ట్రంలో ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు, ఒకసారి వెళ్ళి మెషిన్లు చూసి రండి, మీకున్న ఐటీఐ బొమ్మ మారిపోతుంది. డిప్లొమా చేస్తే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కానీ ఇంటర్ ఎంపీసీ దాదాపు పూర్తి చేసిన పిల్లాడికి ఇవి రెండో దారులే, మొదటిది ఇంజినీరింగే.

ఈలోపు ఒక ఒప్పందం చేసుకోండి. పరీక్షలయ్యేదాకా బోనెట్ ఎత్తకూడదు. అయ్యాక నెల రోజులు మీకు తెలిసిన మంచి గ్యారేజీకి పంపిస్తానని మాటివ్వండి, ఇచ్చి నిలబెట్టుకోండి. మొదటి మూడు రోజులు సరదాగానే ఉంటుంది, పదో రోజున ఎండలో బండి కింద పడుకుని లేచొచ్చాక కూడా రాత్రి భోజనం దగ్గర ఫలానా బండికి ఫలానా లోపం ఎందుకొచ్చిందో చెప్తున్నాడంటే, ఇక మీరు సందేహపడక్కర్లేదు. నోరు మెదపకుండా తిని పడుకుంటున్నాడంటే నాకు మళ్ళీ రాయండి, అప్పుడు వేరేగా ఆలోచిద్దాం. వాళ్ళ నాన్నగారిని కూడా ఒకరోజు సాయంత్రం ఆ గ్యారేజీకి వెళ్ళి కూర్చోమనండి, కొడుకు పనిచేస్తుంటే చూడమనండి.

చివరగా, పైపు తీసినప్పుడు కారిన పచ్చ కూలెంట్‌ను నీళ్ళ సీసాలో పట్టి మెట్ల కింద పెట్టానని మీవాడు మాటల్లో అన్నాడు. అది విషం. కాస్త తియ్యగా ఉంటుంది, అందుకే కుక్కలు తాగేస్తాయి, చిన్నపిల్లలు కూల్‌డ్రింక్ అనుకుంటారు. డ్రైనేజీలో పొయ్యనివ్వకండి, పాతది తీసుకునే వర్క్‌షాప్‌లో ఇచ్చి రమ్మనండి. ఇది చదివిన వెంటనే ఆ సీసా అక్కడి నుంచి తీయించండి.