వ్యాసం తిరిగొచ్చింది, ఎడిటర్‌కి ఏం పంపాలి?

ప్రశ్న: యానాది కుటుంబాల ఆరోగ్యానికీ భూమి హక్కులకీ ఉన్న సంబంధం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక అధ్యాయాన్ని వ్యాసంగా జర్నల్‌కి పంపితే ‘భాష సరిచేయించండి, వాదన స్పష్టంగా లేదు’ అని తిప్పి పంపారు. యూనివర్సిటీ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో పేజీకి ఇంత అని తీసుకుని ఇంగ్లిష్ దిద్దిస్తామంటున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక పరిశోధకురాలు, తిరుపతి

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. జర్నల్ చెప్పిన రెండు మాటల్లో ముందు చూడాల్సింది రెండోది. ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రం వేరే కాగితం మీద వరసగా రాసుకుని చదవండి. వాదన నడవట్లేదా? అయితే వ్యాకరణం దిద్దించి లాభం లేదు, అదే అయోమయం ఈసారి తప్పుల్లేని ఇంగ్లిష్‌లో వెళ్తుంది.

ఎడిటింగ్‌లో మూడు అంచెలున్నాయి. వాదన, అమరిక, ఏది ఉంచాలి ఏది తీయాలి అన్నది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్. వాక్యాలు, పదాల వాడుక, రిఫరెన్సుల పద్ధతి కాపీ ఎడిటింగ్. చివరిగా అచ్చుతప్పులు చూసేది ప్రూఫ్‌రీడింగ్. ఈ వరస తప్పితే డబ్బు దండగ: ముందే దిద్దించిన పేరాలు తర్వాత కోతలో పోతాయి. డీటీపీ సెంటర్‌లో దొరికేది మహా అయితే మూడో అంచె. మీకు కావాల్సింది మొదటి రెండూ చేయగల ఎడిటర్.

రెండు శాస్త్రాలు కలిసే మీలాంటి అంశంలో ఇంకో చిక్కుంది. ప్రజారోగ్యం వాళ్లకి ‘యాక్సెస్’ అంటే ఆసుపత్రి ఎంత దూరం, ఖర్చెంత, వెళ్తే చూస్తారా లేదా అన్నది. భూమి మీద రాసేవాళ్లలో చాలామందికి అదే మాట పట్టా చేతిలో లేకపోయినా ఆ నేల నుంచో చెరువు నుంచో ఫలితం పొందగలగడం. ఒక పేజీలో ఈ అర్థం, ఇంకో పేజీలో ఆ అర్థం వస్తే రివ్యూయర్ (జర్నల్ తరఫున వ్యాసాన్ని పరిశీలించే నిపుణుడు) ‘స్పష్టంగా లేదు’ అనక ఏమంటారు? ఇలాంటి మాటలు పది పన్నెండు ఏరి, ఒక్కోటి మీ వ్యాసంలో ఏ అర్థంలో ఉందో ఒక్కో వాక్యంలో రాయండి. ఎడిటర్ తయారుచేసే స్టైల్ షీట్‌కి, అంటే ఏ మాట ఎలా వాడాలో రాసుకునే జాబితాకి, అదే పునాది. ఎడిటర్‌కి మీ రెండు శాస్త్రాలూ క్షుణ్ణంగా తెలియాలని పట్టుబట్టొద్దు, దొరకరు. ఒకటి బాగా తెలిసి, రెండోదాని విషయంలో మొహమాటం లేకుండా ప్రశ్నలడిగే మనిషి చాలు.

ఎడిటర్‌కి వ్యాసంతో పాటు జర్నల్ నిబంధనలు, రివ్యూయర్ల అభిప్రాయాలు యథాతథంగా, పదాల పరిమితి, గడువు పంపండి. ఉదాహరణకి, ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ అనే జర్నల్‌కి రాసే స్పెషల్ ఆర్టికల్ (పూర్తి పరిశోధన వ్యాసం) నోట్సు, రిఫరెన్సులతో కలిపి 8,000 పదాలు దాటకూడదు. థీసిస్ అధ్యాయం అంతకు దాదాపు రెట్టింపు ఉండడం మామూలే. ముందు కోయాల్సింది పూర్వ పరిశోధనల సమీక్ష. అది చాలావరకు ‘ఇవన్నీ చదివాను’ అని గైడ్‌కి చూపించుకోవడానికి రాసిందే!

ధర పేజీ లెక్కన వద్దు. ఫాంటు, లైన్ల మధ్య ఖాళీ మారితే పేజీలూ మారతాయి. ఎడిటర్లు పేజీ అన్నప్పుడు మామూలుగా 250 పదాలని లెక్క. పదానికింత అని మాట్లాడుకుని, రిఫరెన్సులూ పట్టికలూ లెక్కలోకొస్తాయా, మీ జవాబుల తర్వాత రెండోసారి చూస్తారా అన్నది ముందే రాయించుకోండి. నమూనాకి 500 నుంచి 1,000 పదాలివ్వండి, కానీ మధ్య భాగంలోంచి. ఉపోద్ఘాతాన్ని మీరే పదిసార్లు దిద్ది ఉంటారు కాబట్టి అసలు ఇబ్బంది అక్కడ కనిపించదు. దిద్దుబాట్లన్నీ ట్రాక్ ఛేంజెస్‌లో, అంటే ప్రతి మార్పూ విడిగా కనిపించే పద్ధతిలో, ఉండాలి. అన్నీ ఒకేసారి ఒప్పుకునే ‘యాక్సెప్ట్ ఆల్’ నొక్కారంటే, ‘కొందరు’ అన్నది ‘అందరు’గా మారినా మీకు తెలియదు.

ప్రశ్న: మామిడి రైతులు, పల్ప్ ఫ్యాక్టరీ కూలీల మీద మా సంస్థ నివేదిక రాసింది. వాళ్ల మాటల్ని ఎడిటర్ నున్నటి ఇంగ్లిష్‌లోకి మార్చేశారు. ఇది సరైనదేనా?
– స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, చిత్తూరు

జవాబు: కాదు. కొటేషన్ మీ సాక్ష్యం, దాన్ని దిద్దే హక్కు ఎడిటర్‌కి లేదు. అనువాదం బాగాలేదనిపిస్తే పక్కన కామెంట్ పెట్టొచ్చు, అంతే. వాళ్ల మాటలకి వర్డ్‌లో విడిగా ఒక రంగు వేసి ‘ముట్టుకోవద్దు’ అని ముందే చెప్పండి. మూలాన్ని పక్కనే ఇవ్వండి, మీ వైపు తెలుగూ తమిళమూ కలిసే మాటలైతే కలిసినట్టే. మూలం ‘అను’ ఫాంట్లలో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో) ఉంటే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు ఒకసారి కళ్లారా చూసుకుని పంపండి. లేదంటే అవతల కనిపించేవి పిచ్చి గుర్తులే. ఒకచోట ‘తోతాపురి’, ఇంకోచోట ‘బెంగళూరా’ అని రాస్తే బయటివాళ్లు రెండు రకాల కాయలనుకుంటారు. ఏదో ఒకటి ఎంచుకుని, రెండో పేరు మొదటిసారి వచ్చినచోట చెప్పండి.

పేర్లు మార్చడం ఎడిటర్‌కి ఫైలు పంపకముందే జరగాలి. అయినా పేరు తీస్తే సరిపోదు. ఊళ్లో ఉన్నది ఒకే ఫ్యాక్టరీ అయినప్పుడు ‘అక్కడి మహిళా సూపర్‌వైజర్’ అంటే ఎవరో ఊరంతటికీ తెలుసు. ఊరు చెబితే ఉద్యోగం చెప్పకండి, ఉద్యోగం చెబితే మండలంతో ఆగండి. సమ్మతి పత్రాలు, ఆడియో ఫైళ్లు ఎడిటర్‌కి అవసరం లేదు.

ప్రశ్న: విద్యార్థి థీసిస్‌ని డబ్బిచ్చి ఎడిట్ చేయించుకుంటే తప్పా? సిమిలారిటీ (ఇతరుల రాతలతో కలిసిన భాగం ఎంత శాతమో ఆ లెక్క) కూడా తగ్గిస్తామంటున్నారు.
– ఒక గైడ్, కుప్పం

జవాబు: మీకు చెప్పి, ఏ అంచె వరకు చేయించారో కృతజ్ఞతల్లో రాస్తే తప్పు కాదు. థీసిస్ విషయంలో కాపీ ఎడిటింగ్ దగ్గర ఆగడం మేలు. వాదన బలహీనంగా ఉన్నచోట ఎడిటర్ ప్రశ్న వేయొచ్చు, జవాబు మాత్రం విద్యార్థే రాయాలి.

సిమిలారిటీ తగ్గిస్తామనేవాళ్లని గేటు దాటనివ్వకండి. వాళ్లు చేసేది మాటకి మాట మార్చడం. అలా ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయి అచ్చయిన వ్యాసాలున్నాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిమిలారిటీ 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. మూలం చెప్పి కోట్ చేసినవి, రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన విషయాలో యాదృచ్ఛికంగా కలిసిన మాటలో అయితే వరసగా 14 పదాల దాకా మినహాయింపుంది. చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌లో ఈ మినహాయింపులు సెట్ చేయకుండా తీసిన రిపోర్ట్ చూసే భయపడతారు.

ప్రశ్న: ఇంటిపేరు ముందుండే మన పేర్లని జర్నళ్లు తిరగేస్తున్నాయి. ఏం చేయాలి?
– అధ్యాపకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఒక రూపం ఎంచుకుని మొదటి వ్యాసం నుంచి అదే వాడండి, ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకుని ప్రతిచోటా జతచేయండి. రిఫరెన్సుల్లో మిగతా తెలుగువాళ్ల పేర్లు సాఫ్ట్‌వేర్‌కి వదిలేయకుండా చేత్తో సరిచూసుకోవాల్సిందే.